నేను ఠీక్ అన్న రోజు

మా ఊళ్లో ఎవరికీ గుర్తులేదు గానీ, ఆ రోజు బావి ఒడ్డున తాడు కట్టింది నేను. పైకి లాగిన నలుగురిలో ముందు నిలబడింది కూడా నేనే. పేపర్లో మాత్రం మా బావ ఫోటో వచ్చింది. మెడ మీద తడిసిన గొర్రె, మొహం నిండా నవ్వు. ఆ ఫోటో ఎడమ అంచున ఒక మోచేయి కనబడుతుంది. అది నాది. ఆ పేపరు ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది. బావ దగ్గర లేదు, ఎప్పుడో పోగొట్టుకున్నాడు. అందుకు కూడా నాకు కోపమే.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది గొర్లు కాసే ఇల్లు, మాది బట్ట నేసే ఇల్లు. మా దిక్కు ఒక ఈడు వాళ్లు బావా అంటే బావా అని పిలుచుకుంటూ పెరుగుతారు. ఆ లెక్కన అతడు మా నాయినను మామా అనేవాడు, నేను వాళ్లమ్మను అత్తా అనేవాణ్ణి. చౌటుప్పల్ నుంచి లోపలికి తిరిగే రోడ్డు మీద మా ఊరు. ఒక పక్క మందుల ఫ్యాక్టరీ గొట్టాలు, ఇంకో పక్క ప్లాట్లు కొలిచి తెల్లరాళ్లు పాతిన చెలకలు. ఆ రాళ్ల మధ్యే బావ వాళ్ల మంద మేసేది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఎండాకాలం. ఇంటర్ పరీక్షలు రాసి ఇద్దరం ఖాళీగా ఉన్నాం. మోటరు తీసేసిన ఒక పాత వ్యవసాయ బావిలో వాళ్ల గొర్రె పడింది. అడుగున మోకాలి లోతు బురద నీళ్లు, పక్కలన్నీ ఊడిపోతున్న రాళ్లు. జనం చుట్టూ చేరి తలో సలహా ఇస్తున్నారు. బావ అంగీ విప్పి, నడుముకు తాడు చుట్టుకుని నా దిక్కు తిరిగాడు.

"కట్టు బావా. నువ్వు కట్టినంక నాకేం ఫికర్ లేదు."

కట్టాను. బావ దిగాడు, గొర్రెను మెడ మీద వేసుకున్నాడు, మేం లాగాం. అప్పటికే మండలం నుంచి విలేకరి బండి వేసుకుని వచ్చేశాడు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చిన మా నాయిన, పంచె అంచుతో మొహం తుడుచుకుంటూ అందరి ముందూ అన్నాడు: "పిలగాడంటే గిట్లుండాలె."

నా కడుపు మండింది. ఎందుకంటే మా నాయిన నోట మెప్పు అనేది నేను అంతకు ముందు వినలేదు. ఏడో తరగతి నుంచి బడి కాగానే మగ్గం దగ్గర కూర్చుని తెగిన పోగులు అతికేవాణ్ణి. రెండు పోగుల కొసలు కలిపి, చూపుడు వేలి మీద తిప్పి, ముడి వేసి, మిగిలిన కొసను పళ్లతోనో కత్తెరతోనో ముడి మొదలుకంటా కత్తిరించాలి. కొస మిగిలితే పోగు దువ్వెన పళ్లలాంటి అచ్చులోంచి దూరదు, పక్క పోగును కూడా తెంపుతుంది. నాయిన నేసిన బట్ట మీద బొటనవేలు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిపేవాడు. వేలికి ముడి తగలకపోతే ఏమీ అనడు. తగిలితే "ఊఁ" అంటాడు. అంతే. తిట్టడు, కొట్టడు. ఆ ఒక్క "ఊఁ" తో నాకు ఆ పూట అన్నం దిగేది కాదు.

గొర్రెను మోసినవాడికి ముప్పై మంది ముందు మెప్పు. వేల పోగులు అతికినవాడికి "ఊఁ". ఆ లెక్క నాకు ఎప్పుడూ సరిపోలేదు.

ఫౌజుకు, అదే మిలిటరీకి, పోదామన్నది కూడా బావ కాదు, నేను. హైవే పక్క సర్వీసు రోడ్డు మీద పొద్దున్నే పరుగు మొదలుపెట్టింది నేను. నాలుగో రోజు నుంచి బావ కూడా వచ్చాడు, చెప్పులు చేతిలో పట్టుకుని, వేపపుల్ల నములుతూ. నేను ఎగపోస్తూ పరుగెత్తుతుంటే పక్కన మాట్లాడుకుంటూ పరుగెత్తేవాడు. పొద్దంతా మంద వెనక తిరిగిన కాళ్లు అవి. మహబూబ్‌నగర్‌లో భర్తీ ర్యాలీ అయిన రోజు బావ మొదటి గుంపులో చేరాడు. నేను రెండో గుంపు తోకలో చేరాను. ఛాతీ కొలిచేటప్పుడు ఊపిరి ఎంత పీల్చానంటే, కొలిచేవాడు నవ్వి, ఇక వదులు, చాలు అన్నాడు. ఇద్దరం ఎంపికయ్యాం. ఊరికి వచ్చాక సర్పంచి ఇద్దరికీ శాలువాలు కప్పాడు. ముందు బావకు కప్పాడు. ఇలాంటివి మనిషి మరిచిపోవాలి. నేను మరిచిపోలేదు.

ఒకే సెంటరులో శిక్షణ, ఒకే యూనిట్‌లో పోస్టింగు. మూడేళ్లు మామూలుగా గడిచాయి. ఆ తర్వాత ఒక రోజు నోటీసు బోర్డు మీద కాగితం పెట్టారు. కొండల్లో, వరదల్లో, కూలిన కట్టడాల్లో చిక్కినవాళ్లను వెతికి బయటికి తెచ్చే పనికి శిక్షణ. నెగ్గితే రెస్క్యూ టెక్నీషియన్, భుజం మీద బిళ్ల. మా యూనిట్ నుంచి ఇద్దరిని పంపుతారు, చివరికి టీములోకి ఒక్కణ్ణే తీసుకుంటారు.

ఆ కాగితం చూడగానే నాకు బావి ఒడ్డు గుర్తొచ్చింది. తాడూ ముడీ నా చేతి పని. ఇది నా కోసమే పెట్టారు అనుకున్నాను. అందరికంటే ముందు పోయి పేరు రాశాను. సాయంత్రానికి నా పేరు కింద బావ పేరు కూడా ఉంది.

"నువ్వు పోతున్నవంటే నేనూ రాసిన బావా. ఒక్కనివే అయితవు గదా ఆడ" అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. నాకు మాత్రం నా కంచంలో చెయ్యి పెట్టినట్టు అనిపించింది. నవ్వి ఊరుకున్నాను.

శిక్షణ జాగా ఉత్తరాన, రాతికొండల మధ్య. అక్కడ నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటాం. మా ఉస్తాద్ పొట్టిగా, ఎండిన మిరపకాయలా ఉండేవాడు. రెండు వారాలు ఏటి నీళ్లలో నానబెట్టాడు. ఒక వారం విరిగిన స్లాబుల కింద పాకించాడు. కట్లు కట్టడం, స్ట్రెచరు మోయడం, స్పృహ లేని మనిషి మెడ కదలకుండా పట్టుకోవడం నేర్పాడు. మనిషిని మోయడంలో బావతో ఎవరూ సరితూగలేదు. తనకంటే బరువైనవాణ్ణి గొర్రెను వేసుకున్నట్టే మెడ మీద వేసుకుని గుట్ట ఎక్కేవాడు. ఉస్తాద్ ఈల వేసేవాడు. నేను చప్పట్లు కొట్టేవాణ్ణి, అందరికంటే గట్టిగా, ఎవరికీ అనుమానం రాకుండా.

తాళ్ల వారం మొదలయ్యాక నా రోజులు వచ్చాయి. కళ్లు మూసుకుని ముడి వేయమంటే నేనే ముందు. నా ముడి ఒకటి ఉస్తాద్ పైకెత్తి అందరికీ చూపించి, ఇట్లా ఉండాలి, పుస్తకంలో బొమ్మ కూడా ఇంత సక్కగా ఉండదు అన్నాడు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాయినకు చెప్పాను. "మంచిదే" అన్నాడు. తర్వాత, "బావ మంచిగున్నడా?" అని అడిగాడు.

జోడీ పద్ధతి గురించి చెప్పాలి. తాడు మీద కొండ అంచు దాటే ప్రతివాడికీ ఒక జోడీ ఉంటాడు. జోడీ ఎదురుగా నిలబడి నడుము పట్టీ, తొడ పట్టీలు, ముడి, కొక్కెం, హెల్మెట్ ఒక్కొక్కటీ చేత్తో ముట్టి చూసి, చివరికి, అంతా సరిగ్గా ఉందని, "ఠీక్" అనాలి. ఆ మాట తర్వాత ఇంకెవరూ చూడరు. మనిషి కిందికి దిగేదాకా ఉస్తాద్ కూడా చూడడు. పరీక్షల్లో జోడీ తప్పు పట్టుకుంటే పట్టినవాడికి మార్కులు కలుపుతారు, పట్టుబడినవాడికి కోస్తారు. సిగ్గుపడి, మొహమాటపడి చూసీ చూడనట్టు పోకుండా ఉండడానికి పెట్టిన రూలు అది. నా జోడీ బావే. వేరే ఎవరుంటారు?

చివరి పరీక్షలు రెండు రోజులు. మొదటి రోజు ముడి నేను వేయాలి, బావ చూడాలి. ఉస్తాద్ మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. వారం రోజులుగా పుస్తకం చెప్పినట్టే వేస్తున్నాను. ముడి తర్వాత కొస జానెడు మిగలాలి, బరువు పడ్డప్పుడు ముడి బిగుస్తూ కొంత కొసను లోపలికి లాక్కుంటుంది, లాక్కోవడానికి లేకపోతే ఊడిపోతుంది. ఇదంతా నోటికొచ్చు. కానీ ఆ రోజు ఉస్తాద్ చూస్తున్నాడన్న ధ్యాసలో, అందరికంటే సక్కగా వేయాలన్న ఆశలో, చేతులు మగ్గం దగ్గరికి వెళ్లిపోయాయి. కొసను లాగి లాగి ముడి మొదట్లోకి తెచ్చాను. రెండు వేళ్ల వెడల్పు మిగిలింది. దాన్ని చూసి ఎంత ముద్దుగా ఉంది అనుకున్నాను. కత్తెర ఉంటే అది కూడా కత్తిరించేవాణ్ణేమో.

బావ ముట్టి చూశాడు. నా మొహం చూశాడు. మళ్లీ ముట్టి చూశాడు. తర్వాత గట్టిగా అన్నాడు.

"ఉస్తాద్, కొస పొట్టిగా ఉంది."

ఉస్తాద్ వచ్చి చూసి, ముడిని పిడికిట్లో పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. నా అందమైన ముడి చేతిలో విడిపోయింది. ఏమీ తిట్టలేదు. పుస్తకంలో రాసుకుని పోయాడు. బావకు కలిసిన మార్కులు, నాకు కోసిన మార్కులు సాయంత్రం బోర్డు మీద పెట్టారు. నేను బావకంటే కింద ఉన్నాను, ఎక్కువేమీ కాదు, ఒక తప్పు పట్టుకుంటే తీరిపోయేంత.

బావ అన్నం పళ్లెం తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు.

"పానం పోతది బావా. చూసి చెప్పకుంట ఎట్లుంటరా?"

నేను రొట్టె తుంచుతూ ఉన్నాను. ఆ మాటలో తప్పులేదని తెలుసు. తెలిసినందుకే ఇంకా మండింది. చెవిలో మెల్లగా చెబితే సరిచేసుకునేవాణ్ణి కదా. మార్కుల కోసమే అరిచాడు, పేపర్లో ఫోటో కోసం నవ్వినట్టే, అనుకున్నాను. అనుకోవాలనుకున్నాను, అనుకున్నాను.

"రేపు నేను దిగుడు, నువ్వు చూసుడు" అన్నాడు బావ లేస్తూ. "జర సక్కగ చూడు బావా. నేత కండ్లు గదా నీవి." నా భుజం తట్టి పోయాడు.

మర్నాడు ఎండ అప్పుడే ఎక్కుతోంది. కొండ అంచున బావ దిగడానికి తయారై నిలబడ్డాడు, వెనక లోయ. కింద ఉస్తాద్. పైన, మాకు కొంచెం పక్కన, ఇంకో జవాను కాపు తాడు పట్టుకుని కూర్చున్నాడు. అసలు తాడు తప్పినా మనిషిని ఆపే రెండో తాడు అది. నేను బావ ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. నడుము పట్టీ. తొడ పట్టీలు. ముడి, జానెడు కొసతో. కొక్కెం.

కొక్కెం నోటికి ఒక మర ఉంటుంది. దాన్ని బొటనవేలితో మూడు చుట్లు తిప్పితే నోరు మూసుకుపోతుంది. తిప్పకపోతే కొక్కెం రాతికి తగిలి నోరు తెరుచుకోవచ్చు, తాడు జారిపోవచ్చు. ఆ మర తిప్పి లేదు.

చూశాను. దుమ్ము లేదు, ఎండ కళ్లలో పడలేదు, తొందర లేదు. మర కింద ఎర్ర గీత పూర్తిగా కనబడుతోంది, తిప్పలేదని చెప్పడానికే వేసిన గీత అది. నా వేళ్లు దాని మీదే ఉన్నాయి. నోరు తెరిచి ఒక్క మాట అంటే నిన్నటి మార్కులు వాపసు వస్తాయి. ఆ సంగతి కూడా ఆ క్షణంలో తట్టింది. కానీ అంతకంటే ముందు ఇంకోటి తట్టింది. వీడు ఇట్లానే అంచు దాటితే? కిందికి దిగాక ఆ ఎర్ర గీత ఉస్తాద్ చూస్తాడు. అందరి ముందూ పేరు కొట్టేస్తాడు. మార్కులు కోయడం కాదు, ఇంటికి పంపిస్తాడు. ఠీక్ అన్నందుకు నాకూ కొంత కోస్తాడు, కోయనీ. కాపు తాడు ఉంది కదా, ప్రాణానికేం కాదు.

ఇదంతా ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేను. హెల్మెట్ తాకాను.

"ఠీక్" అన్నాను.

బావ కదల్లేదు. అంచున వీపు లోయకు పెట్టి, నా మొహం చూస్తూ నిలబడ్డాడు. కింద నుంచి ఉస్తాద్ ఏమైందని కేకేశాడు. బావ ఇంకా నన్నే చూస్తున్నాడు, ఏదో మాట కోసం కాచుకున్నట్టు. నేను తాడు దిక్కు చూశాను. అప్పుడు బావ తల దించి, కొక్కెం మీద బొటనవేలు పెట్టి, మర మూడు చుట్లు తిప్పుకున్నాడు. "తయార్" అని అరిచి అంచు దాటాడు.

తన తప్పు తనే పట్టుకున్నాడనుకున్నాను. నా అదృష్టం బాగాలేదనుకున్నాను. నిజంగా ఆ రోజు నేను అనుకున్నది అదే: ఒక్క నిమిషం ఆలస్యంగా చూసుకుని ఉంటే బాగుండేది అని. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతోంది గానీ, అనుకున్నది అనుకున్నట్టే రాయాలి.

బావ ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. టీములోకి బావను తీసుకున్నారు. భుజం మీద బిళ్ల కుట్టించుకుని వచ్చి మొదట నాకే చూపించాడు. వంకర కుట్టు. నేనే విప్పి మళ్లీ సక్కగా కుట్టి ఇచ్చాను.

మరుసటేడు నేను మళ్లీ పోయాను. అప్పటికి బావ అక్కడ ఉస్తాద్‌కు సహాయకుడు. నేను బావను అందరిలా ఉస్తాద్ అని పిలవాలి, కాళ్లు దగ్గరకు పెట్టి నిలబడాలి. పన్నెండు వారాలు పిలిచాను. ఈసారి కొసలు జానెడు కాదు, మూరెడు వదిలాను. బావ నా ముడి ముట్టి చూసి తల ఊపి ముందుకు పోయేవాడు, ఎక్కువ తక్కువ లేకుండా. అలా నేనూ టెక్నీషియన్నయ్యాను. వరదల్లోకి దిగాను, కొండ అంచుల మీద వేలాడాను, మనుషుల్ని పైకి తెచ్చాను. ఎవరైనా దండం పెడితే నాకు మొదట వచ్చే ఆలోచన, ఇక్కడికి బావ టీము ముందొచ్చి ఉంటే ఇతను బావకే దండం పెట్టేవాడు కదా అని. రోగం అంటే ఇదే.

పోయిన చలికాలం సెలవు మీద వచ్చాను. నాయిన కళ్లు బాగా మందగించాయి. మగ్గం మీద కూర్చోవడం మానలేదు గానీ, రంగులు అమ్మను అడిగి తెలుసుకుంటున్నాడు. నల్లగొండలో కంటి దవాఖానకు తీసుకుపోయాను. నార్కట్‌పల్లిలో బస్సు మారేటప్పుడు మెట్టు కనబడక తూలితే నా చెయ్యి పట్టుకున్నాడు. అక్కడి నుంచి ఇక వదల్లేదు. చిన్నపిల్లాడిలా నా వేళ్లలో వేళ్లు పెట్టి నడిచాడు. నా జన్మలో నాయిన చెయ్యి అంతసేపు పట్టుకోలేదు. నూలు ఒరిసి ఒరిసి బొటనవేలు రాయిలా ఉంది.

దవాఖానలో చుక్కల మందు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. కళ్లు మూసుకుని, నా చెయ్యి అట్లాగే పట్టుకుని, కాసేపయ్యాక నాయిన అన్నాడు:

"నువ్వు గూడ జర చూపిచ్చుకోరాదు."

"నాకేమైందే?"

"నీ కండ్లల్ల గూడ తేడా ఉన్నది బిడ్డా. బావ చెప్పిండు."

ఏం చెప్పాడని అడిగాను. నాయిన కళ్లు తెరవకుండానే చెప్పాడు. మొదటిసారి నేను తప్పి వచ్చినప్పుడు బావ సెలవు మీద ఇంటికి వచ్చాడట. మా వాడు ఎట్ల తప్పిండు, ముడి ఏసుట్ల వాన్ని మించినోడు లేడంటిరి గదా అని నాయిన అడిగాడట.

"వాడేమన్నడో ఎరుకనా? మామా, ముందటి దినం బావకు నా తోని మార్కులు పోయినయ్, నాకు పానం ఒప్పలే. తెల్లారి నేను దిగేటప్పుడు కొక్కెం మర తిప్పకుంట కావాల్నని ఇడిసిపెట్టిన. బావ చూసి అంటడు, నాకు కోస్తరు, బావకు కలుస్తయి, ఇద్దరం బరాబరైతం అనుకున్న. శానసేపు ఆగిన మామా. ఎండ కండ్లల్ల కొట్టిందో ఏమో, బావకు కానరాలే. నేనే తిప్పుకున్న. గిట్లన్నడు."

దవాఖానలో ఎవరి పేరో పిలుస్తున్నారు. ఎవరో పిల్ల ఏడుస్తోంది. నాకు కొండ అంచున బావ మొహం కనబడింది, నా మాట కోసం కాచుకున్న మొహం. ఆ మొహాన్ని నాలుగేళ్లుగా నేను వేరే లెక్కలో దాచిపెట్టుకున్నాను. బావకు నేను చూశానని తెలుసా? తెలిసి నాయిన దగ్గర నన్ను కాపాడాడా? లేక నిజంగానే కనబడలేదని నమ్మాడా? ఏది నిజమైనా వాడు నాకంటే మంచివాడే అవుతాడు. అక్కడ కూర్చుని కూడా దానికి ఏడ్చాను లోపల, దానికే.

నాయిన ఇంకా మాట్లాడుతున్నాడు.

"తప్పు నాదే బిడ్డా. చిన్న పోరనివి, మాపటీలి దీపం ముంగట కూసోబెట్టి సన్న పోగులు అతికిచ్చిన. నా కండ్లు పోయిన తొవ్వనే నీయి గూడ పోగొట్టిన. నాలుగేండ్ల నుంచి అదే రంధి నాకు. నీకు చెప్తె మనసు నొచ్చుకుంటవని చెప్పలే."

ఏడాదికోసారి ఫౌజులో మాకు కళ్ల పరీక్ష చేస్తారని, ఒక్కసారి కూడా వంక రాలేదని చెప్పొచ్చు. నోరు రాలేదు. అంతలో నాయిన వంతు వచ్చింది. డాక్టరమ్మ చూసి, పొర వచ్చింది, ఆపరేషన్ చేస్తే చూపు తిరిగి వస్తుందని చెప్పింది. నాయిన ఆ మాట సగమే విన్నాడు.

"అమ్మా, మావోనివి గూడ జర చూడున్రి. ఫౌజుల పని జేస్తడు. పానాల తోని పని."

డాక్టరమ్మ నవ్వి నన్ను కుర్చీలో కూర్చోమంది. ఎదురు గోడ మీద అక్షరాల బోర్డు. పైన పెద్దవి, కిందికి పోను పోను సన్నవి. ఒక కన్ను మూసుకుని చదవమంది. నాయిన గోడ పక్కన స్టూలు మీద కూర్చుని, మందు పడ్డ కళ్లను నా దిక్కు తిప్పి, చెవి పెట్టి వింటున్నాడు.

మూడో వరుసలో రెండు అక్షరాలు తప్పు చదివితే చాలు. ఒక అద్దాల చీటీ రాసిస్తారు. ఇంటికి పోయి నాయిన బావకు ఫోన్ చేసి, అవును కొడుకా, వానికి కండ్లే బాగలేవు అంటాడు. నేను మంచివాణ్ణిగానే ఉంటాను. కానీ ఈ మనిషి, దీపం ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టానన్న రంధితో ఇంకా ఎన్నేళ్లుంటే అన్నేళ్లూ ఉంటాడు. నాలుగేళ్లు ఉన్నాడు ఇప్పటికే, నేను మింగిన ఒక్క మాట కోసం.

చదివాను. పై వరుస, రెండోది, మూడోది. ఆగకుండా చదివాను. చివరి వరుస చదవనక్కర్లేదు అంది డాక్టరమ్మ. అది కూడా చదివాను, రెండు కళ్లతోనూ, గట్టిగా.

"ఏం లేదు పెద్దాయనా, మీ వాడి కళ్లు చాలా బాగున్నాయి" అంది.

"నాలుగేండ్ల కింద గూడ గిట్లనే ఉండెనా అమ్మా?"

"ఇప్పుడింత బాగున్నాయంటే అప్పుడూ ఇట్లనే ఉంటాయి. వయసు పెరిగితే తగ్గుతుంది గానీ చూపు దానంతటది పెరగదు కదా."

నాయిన మోకాలి మీద పంచె బట్టను బొటనవేలితో ఒకసారి నిమిరాడు. ఈ చివర నుంచి ఆ చివరకు.

"ఊఁ" అన్నాడు.

ఆపరేషన్ చీటీ తీసుకుని బయటికి వచ్చాం. మెట్ల దగ్గర నేను చెయ్యి చాచాను. మందు ఇంకా దిగలేదు, చెయ్యి కానరాలేదేమో అనుకుని ఇంకొంచెం దగ్గరగా పెట్టాను. నాయిన పక్కకు తడిమి గోడకున్న ఇనప కడ్డీ పట్టుకున్నాడు. ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ, తనంతట తనే దిగాడు.